ముల్కీ కాగితం, పీఆర్ మార్కులు



ఉప్పల్ చౌరస్తా నుంచి హబ్సీగూడకు వచ్చి, అక్కడ నాచారం వైపు తిరిగితే దారి పొడుగునా రెండు రకాల బోర్డులు కనిపిస్తాయి. మొదటి రకం మేడల మీద ఉంటాయి: కెనడా పీఆర్, ఆస్ట్రేలియా పీఆర్, ఐఈఎల్‌టీఎస్ శిక్షణ. రెండో రకం పారిశ్రామికవాడలో గేట్లకు వేలాడుతుంటాయి: హెల్పర్లు కావలెను, ఆపరేటర్లు కావలెను. వీటిలో కొన్ని హిందీలోనే రాసి ఉంటాయి. ఆ పనులకు ఒడిశా, బీహారుల నుంచి వచ్చేవారు ఎక్కువ. ఒకే వీధి ఒకవైపు తన పిల్లలను సాగనంపుతూ, మరోవైపు పైవారిని రమ్మని పిలుస్తున్నది.

పీఆర్ అంటే పరదేశంలో శాశ్వతంగా నివసించే హక్కు. కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాలు దానికి మార్కుల పద్ధతి పెట్టుకున్నాయి. చదువుకు ఇన్ని, వయసుకు ఇన్ని, భాషకు ఇన్ని, అనుభవానికి ఇన్ని అని కలిపి, ఉత్తీర్ణత గీత దాటినవాడికి తలుపు తీస్తాయి. ముప్పై ఏళ్ళకు పైగా జవాబు పత్రాలు దిద్దినవాణ్ణి గనుక ఈ పద్ధతి మీద నాకు సహజంగానే ఆసక్తి కలిగింది. దాని చరిత్ర చదువుతూ పోతే, అది నన్ను తిన్నగా మన హైదరాబాదుకే తీసుకువచ్చింది. పరాయివాణ్ణి తనవాడిగా లెక్కించడానికి ప్రతి రాజ్యమూ ఏదో ఒక కొలత పెడుతుంది. ఆ కొలతలోని న్యాయం ఎంతో తెలియాలంటే కొలబద్దను మాత్రమే చూస్తే చాలదు. కొలిచిన తరువాత రాజ్యం తన మాట మీద నిలబడిందా లేదా అన్నది చూడాలి. ఈ టపాలో చెప్పదలచినది ఇదే.

ముందుగా ఇంటి సంగతి. ‘ముల్క్’ అరబ్బీ మాట. రాజ్యం, దేశం అని అర్థం. ముల్కుకు చెందినవాడు ముల్కీ, కానివాడు గైర్‌ముల్కీ. 1853 నుంచి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ నిజాం రాజ్యపు పాలనను కొత్త పద్ధతిలో పెట్టదలచినప్పుడు, ఆ శాఖలు నడపగల చదువరులు కావలసివచ్చారు. ఉత్తరాది నుంచి మొహసిన్-ఉల్-ముల్క్, సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ వంటివారు వచ్చారు. బెంగాలు నుంచి అఘోరనాథ చటోపాధ్యాయ వచ్చారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు పొందినవారు. తరువాతి కాలంలో నిజాం కళాశాలగా రూపొందిన విద్యాలయానికి ఆయన మూలపురుషుడు. ఆయన కుమార్తె సరోజిని 1879లో ఈ ఊళ్ళోనే పుట్టింది. నేటి పరిభాషలో వీరంతా ‘నైపుణ్యం గల విదేశీ ఉద్యోగులు’.

అటువంటి అఘోరనాథుణ్ణే 1883లో రాజ్యం నుంచి వెళ్ళగొట్టారు. చాందా రైలు మార్గపు ఒప్పందం మీద బహిరంగ చర్చ జరగాలని ఆందోళన చేయడం ఆయన చేసిన అపరాధం. కొంతకాలానికి తిరిగి రానిచ్చారు, అది వేరే సంగతి. ఎడింబరో పట్టా గానీ, కళాశాల నెలకొల్పిన ఘనత గానీ ఆ రోజు ఆయనకు అడ్డుపడలేదు. రాజ్యానికి ఆయన నైపుణ్యం కావాలి, నోరు అక్కరలేదు.

పైనుంచి వచ్చినవారు పెద్ద పదవులలో కుదురుకొని, తమవారిని పిలిపించుకుంటున్నారన్న అసంతృప్తి స్థానికులలో అప్పటికే ఉంది. అది పెరిగి పెరిగి, 1919లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో ముల్కీ నియమాలుగా స్థిరపడింది. ముల్కీ కానివాణ్ణి నిజాం ప్రత్యేకానుమతి లేనిదే పెద్దదైనా చిన్నదైనా ఏ సర్కారీ కొలువులోనూ నియమించరాదు. మరి ముల్కీ ఎవరు? జన్మచేత రాజ్యపు ప్రజ అయినవాడు. పుట్టేనాటికి తండ్రి పదిహేనేళ్ళ సర్కారు కొలువు పూర్తిచేసి ఉన్నవాడు. ముల్కీని పెళ్ళాడిన స్త్రీ. ఇక నివాసం చేత ఆ హక్కు సంపాదించినవాడు. ఈ చివరి తరగతికి పెట్టిన షరతులు శ్రద్ధగా గమనించదగ్గవి. కనీసం పదిహేనేళ్ళు రాజ్యంలో స్థిరంగా నివసించి ఉండాలి. అంతటితో చాలదు. వెనుకటి ఊరికి తిరిగిపోవాలన్న తలంపు విడిచిపెట్టానని నిర్ణీత నమూనాలో ప్రమాణపత్రం రాసి, మేజిస్ట్రేటుచేత ధ్రువీకరణ చేయించుకోవాలి.

పదిహేనేళ్ళను పంచాంగం చూసి లెక్కపెట్టవచ్చు. తలంపు విడిచిందీ లేనిదీ ఏ మేజిస్ట్రేటు చూడగలడు? అయినా రాజ్యం ఆ మాటనే కాగితం మీద అడిగింది. ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి. మళ్ళీ దీనితో పని పడుతుంది.

మరో విశేషం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు మొదలైనది కూడా ఆ 1919లోనే. ఉర్దూలో ఉన్నత విద్య చెప్పడానికి పుస్తకాలు లేవు గనుక, 1917లోనే అనువాద శాఖ నెలకొల్పి, హాపుడ్‌లో పుట్టిన మౌల్వీ అబ్దుల్ హక్ మొదలైన పండితులను పైనుంచి రప్పించారు. ఒకే ఏడు రాజ్యం ఒక చేత్తో తలుపు బిగించి, మరో చేత్తో తనకు కావలసినవారికి కిటికీ తెరిచింది. దేశాల నడవడిలో ఇది వింత కాదు, ఇదే సర్వసాధారణం.

1948లో సైనికచర్య జరిగి నిజాం పాలన ముగిసినా ముల్కీ నియమాలు పోలేదు. మద్రాసు రాష్ట్రం నుంచి ఇంగ్లీషు వచ్చిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న స్థానికులు, తమ చదువు ఒక్క రాత్రిలో విలువ కోల్పోయినట్టు భావించారు. మార్కుల పద్ధతి లేదన్నమాటే గాని, అక్కడ జరిగింది అదే. ఇంగ్లీషుకు మార్కులు పెరిగి, ఉర్దూకు తగ్గిపోయాయి. అబద్ధపు ముల్కీ పత్రాలు పుట్టుకొచ్చాయన్న ఆరోపణ ఊరూరా వినిపించింది. 1952లో వరంగల్లులో ఉపాధ్యాయ నియామకాల వివాదంతో రాజుకున్న నిప్పు హైదరాబాదుకు వ్యాపించింది. ‘నాన్‌ముల్కీ గో బ్యాక్’, ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అన్న నినాదాలు అప్పటివే. ఆ సెప్టెంబరు తొలి వారంలో సిటీ కాలేజీ పరిసరాలలో పోలీసు కాల్పులు జరిగి కొందరు ప్రాణాలు కోల్పోయారు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఈ రక్షణ కొనసాగడానికి పార్లమెంటు 1957లో చట్టం చేసింది. 1969 మార్చిలో సుప్రీంకోర్టు అందులోని కీలకభాగాన్ని కొట్టివేసింది. అది తెలంగాణ ఉద్యమం రగులుతున్న ఏడు. 1972 అక్టోబరులో అదే సుప్రీంకోర్టు ముల్కీ నియమాలు చెల్లుతాయన్నది; వెంటనే కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. ఒక తీర్పుకు ఇక్కడ, ఒక తీర్పుకు అక్కడ పిల్లలు రక్తం చిందించారు. 1973లో ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగ సవరణ, ముల్కీ నియమాల రద్దు. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు. పదిహేనేళ్ళ నివాసం స్థానంలో నాలుగేళ్ళ చదువు కొలతగా వచ్చింది. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడి స్థానికుడు. బడిలో ఉన్న కాలమంతా ఆ లెక్క కోసం నేను రాసి ఇచ్చిన బోనఫైడ్ పత్రాలకు అంతు లేదు. ఒక సంతకంతో ఒక పిల్లవాడు ‘లోకల్’, మరొకడు ‘నాన్‌లోకల్’.

ఈ చరిత్రలో ఉభయుల బాధా నిజమే. తన నేలమీద తనకే కొలువు దొరకనివాడి బాధ నిజం. ఇరవై ఏళ్ళు ఇక్కడే ఉండి, ఇక్కడే పిల్లలను కని, అయినా పరాయివాడినని పిలిపించుకున్నవాడి బాధ కూడా నిజం. పీఆర్ కోసం వరుసలో నిలబడ్డ మన పిల్లల గురించి మాట్లాడేముందు, మనమూ ఒకప్పుడు తలుపుకు లోపలా బయటా నిలబడ్డవాళ్ళమేనని తెలిసి ఉండటం మంచిది.

ఇక మనవారు సముద్రం దాటిన కథ. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి డర్బను చేరింది. దక్షిణాఫ్రికాలోని నేటాలుకు ఒప్పంద కూలీలను మోసుకుపోయిన మొదటి ఓడ అది. ఆ దారినే గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాల తెలుగువారూ వెళ్ళారు. చెరకు తోటలకు వారి చేతులు కావాలి. ఒప్పందం తీరాక మనిషి అక్కరలేదు. 1895 నాటి చట్టం, గడువు తీరాక తిరిగి కూలి ఒప్పందం రాయకుండా, స్వదేశానికీ పోకుండా అక్కడే ఉండదలచినవారి మీద ఏటా మూడు పౌన్ల పన్ను విధించింది. గాంధీ నడిపిన సత్యాగ్రహం తరువాత 1914లోగాని అది పోలేదు. స్థిరనివాసపు హక్కును మార్కులతో గాక జరిమానాతో కొలిచిన కాలం అది.

పరీక్ష మొదలైనది కూడా అక్కడే. 1897లో నేటాలు ప్రభుత్వం, దిగబోయేవాడు ఏదైనా ఐరోపా భాషలో దరఖాస్తు రాయగలగాలని చట్టం చేసింది. రంగు మాట ఎత్తకుండా రంగువారిని ఆపే ఉపాయమది. ఆస్ట్రేలియా 1901లో దీన్ని మరింత పదును పెట్టింది. అధికారి ఒక ఐరోపా భాషలో యాభై మాటలు చదువుతాడు. అవతలివాడు తప్పులేకుండా రాయాలి. ఏ భాషలో చదవాలన్నది అధికారి ఇష్టం. ఇంగ్లీషు వచ్చినవాడికి మరో భాషలో చెప్పవచ్చు. మేమూ ఉక్తలేఖనం పెట్టేవాళ్ళమే గాని, పిల్లవాడు తప్పాలని కోరి పెట్టినది కాదు. ఈ పరీక్ష 1958 వరకు పుస్తకాలలో ఉంది.

కెనడా 1951లో మన దేశంతో ఒప్పందం చేసుకొని ఏడాదికి 150 మందిని రానిచ్చింది. 1957లో దాన్ని 300 చేసింది. ముప్పై ఆరు కోట్ల జనాభా గల దేశానికి ఆ సంఖ్య! 1962లో జాతివివక్షను చాలావరకు తొలగించి, 1967 అక్టోబరు 1 నుంచి మార్కుల పద్ధతి తెచ్చింది. లోకంలో ఈ పద్ధతికి అదే ఆది. మొత్తం నూరు. చదువుకు 20, అధికారి స్వయంగా చూసి వేసే అంచనాకు 15, వృత్తికి ఉన్న గిరాకీకి 15, పనితనానికి 10, వయసుకు 10, ముందే కుదిరిన ఉద్యోగానికి 10, ఇంగ్లీషు ఫ్రెంచి భాషలకు 10, అక్కడ ఉన్న బంధువులకు 5, చేరదలచిన ఊళ్ళో ఉన్న అవకాశాలకు 5. ఉత్తీర్ణతకు 50.

మన బడిలో ముప్పై అయిదుకే పాసు గదా అని నవ్వకండి. ఆ పట్టికలో ‘ఏ దేశం వాడివి’ అన్న గడి లేదు. అరవై ఏళ్ళుగా ఓడరేవుల్లో చర్మం చూసి తిప్పిపంపిన లోకంలో, గడప తొక్కకముందే నీ అర్హత నీకు తెలిసేలా లెక్క కట్టి చెప్పడం చిన్న సంగతి కాదు. తమ దేశపు పేరు వల్ల గాక తమ పట్టాల వల్ల లోపలికి పిలిపించుకునే వీలు మన ఇంజనీర్లకూ, అధ్యాపకులకూ దానితోనే కలిగింది. ఆస్ట్రేలియా 1979లో, న్యూజీలాండు 1991లో ఆ దారికి వచ్చాయి. అమెరికా మాత్రం ఈ పద్ధతి పట్టలేదు. అక్కడ మార్కులు లేవు, వరుస ఉంది. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులలో ఒక్కో దేశానికి నూటికి ఏడు అన్న పరిమితి ఉంది. మనవాళ్ళు ఏళ్ళ తరబడి నిలబడి ఉన్నది ఆ వరుసలో.

బ్రిటన్ 2002 జనవరిలో అత్యంత నైపుణ్యవంతుల వలస కార్యక్రమాన్ని ఆరంభించింది. హెచ్ఎస్ఎంపీ అంటే మీలో చాలామందికి ఇట్టే తెలుస్తుంది. మొదట 75 మార్కులు, 2003లో 65. జీతానికి వేసే మార్కులలో, తక్కువ ఆదాయం గల దేశాలవారికి తక్కువ జీతాలతోనే మార్కులు వచ్చే ఏర్పాటు కూడా చేశారు. ఇది మెచ్చుకోదగ్గ వివేకం. కానీ ఆ నియమాలలో మరో షరతు ఉంది. అభ్యర్థి బ్రిటనునే తన ప్రధాన నివాసంగా చేసుకోదలచి ఉండాలి.

పైన గుర్తుంచుకోమన్న వాక్యం జ్ఞప్తికి వచ్చిందా? 1919లో హైదరాబాదు మేజిస్ట్రేటు ముందు రాసి ఇచ్చిన మాట, 2002లో లండనులో మళ్ళీ అడిగారు. వెనుకటి ఊరి తలంపు విడిచిపెట్టు. ఆ మాట నమ్మి ఇక్కడ ఉద్యోగాలు వదులుకున్నవారు, ఇళ్ళు అమ్ముకున్నవారు, పిల్లలను బడి మార్పించి తీసుకుపోయినవారు ఉన్నారు.

2006 ఏప్రిల్‌లో స్థిరనివాసానికి కావలసిన నాలుగేళ్ళను అయిదేళ్ళు చేశారు. అదే ఏడు నవంబరులో మార్కుల పట్టికనే మార్చారు. పని అనుభవానికి ఇచ్చే మార్కులు తీసివేసి, గడచిన ఏడాది సంపాదనకూ, వయసుకూ బరువు పెంచారు. కొత్తగా వచ్చేవారికైతే అది వారి ఇష్టం. కానీ అప్పటికే అక్కడ ఉన్నవారు కూడా గడువు పొడిగింపుకు కొత్త పట్టికలోనే నెగ్గాలన్నారు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. బాధితులు సంఘంగా ఏర్పడి న్యాయస్థానానికి వెళ్ళారు. 2008 ఏప్రిల్ 8న లండను హైకోర్టు, ముందే చేరినవారికి తొలి షరతులే వర్తించాలని తీర్పు చెప్పింది. నాలుగేళ్ళ సంగతి మీద 2009లో మరో తీర్పు వారి పక్షానే వచ్చింది. అదే 2008 ఏప్రిల్ చివర, భారత సంతతి వైద్యుల సంఘం వేసిన వ్యాజ్యంలో, హెచ్ఎస్ఎంపీ మీద ఉన్న విదేశీ వైద్యులకు శిక్షణ కొలువులు అందకుండా చేసిన ఆరోగ్యశాఖ సూచన చెల్లదని ప్రభువుల సభ తేల్చింది.

అక్కడితో కథ కంచికి చేరలేదు. హెచ్ఎస్ఎంపీ స్థానంలో వచ్చిన టియర్ వన్ వారిలో ఎందరికో, పన్ను పత్రాలలో లెక్కల తేడాలు చూపి స్థిరనివాసం నిరాకరించారు. వారి సంజాయిషీ వినకుండా మోసగాళ్ళని ముద్రవేయడం అన్యాయమని 2019 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు చెప్పవలసివచ్చింది. 2025 మే నెలలో బ్రిటిషు ప్రభుత్వం అయిదేళ్ళను పదేళ్ళు చేయాలని శ్వేతపత్రంలో ప్రతిపాదించింది. ఆ నవంబరులో వెలువడిన ప్రతిపాదనలలో, ఇప్పటికే అక్కడ ఉండి ఇంకా హక్కు పొందనివారినీ చేర్చారు. ముల్కీ పదిహేనేళ్ళకు క్రమంగా దగ్గరవుతున్నారన్నమాట.

పాపం ఒక్క బ్రిటనుదే కాదు. కెనడా 2002లో ఉత్తీర్ణతను నూటికి 75 చేసి, 2003 సెప్టెంబరులో 67కు దించింది. దరఖాస్తులు గుట్టలు పడ్డాయి. 2012లో చట్టం చేసి, 2008 ఫిబ్రవరి 27కు ముందు వేసి, అప్పటికీ తేలని దరఖాస్తులను మూకుమ్మడిగా రద్దుచేసింది. అందులో ఉన్నవారు కుటుంబాలతో కలిపి సుమారు 2,80,000 మంది. రుసుము తిరిగి ఇచ్చారు. నిరీక్షించిన ఏళ్ళు ఇవ్వలేదు. 2015 నుంచి 1200 మార్కుల లెక్క నడుస్తున్నది. ఇందులో ముందుగా తెలిసే ఉత్తీర్ణత గీత లేదు. విడతవిడతకూ గీత మారుతుంది. ముప్పై దాటితే వయసు మార్కులు ఏటేటా తరిగి, నలభై అయిదుకు సున్న అవుతాయి. ముందే కుదిరిన ఉద్యోగానికి ఇస్తున్న మార్కులను 2025 మార్చిలో తీసివేశారు. అంతకుముందు రోజు వరకు ఆ మార్కులు లెక్కపెట్టుకున్నవాడి సంగతి ఏమిటి?

మార్కులు వేయడంలోని ధర్మం నాకు తెలిసినంతవరకు రెండే మాటలు. పరీక్ష ఎంత కష్టమైనా పెట్టవచ్చు. కానీ పిల్లవాడు రాయడం మొదలుపెట్టాక ప్రశ్నపత్రం మార్చకూడదు. మొదటిది రాజ్యానికి ఉన్న అధికారం. ఎవరిని రానివ్వాలో నిర్ణయించుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది, ఆ హక్కు కోసమే ఇక్కడ కూడా ఉద్యమాలు జరిగాయి. రెండవది రాజ్యానికి ఉన్న బాధ్యత. వలస వచ్చినవాడు తిరుగుముఖం పట్టనని ప్రమాణం చేస్తున్నాడు. దానికి బదులుగా రాజ్యం చేసిన ప్రమాణం ఏ నమూనాలో ఉంది, దాన్ని ఏ మేజిస్ట్రేటు ధ్రువీకరించాడు?

మన లాక్షణికులు పరభాషల నుంచి వచ్చిన మాటలను అన్యదేశ్యాలు అన్నారు. తెలుగు అజంత భాష. చివర అచ్చు ఉండాలన్నది ఇక్కడి నియమం. రైలు, బస్సు, జిల్లా, తహసీలు, చివరికి ‘మార్కు’ కూడా ఆ నియమం పాటించి మనలో స్థిరపడ్డాయి. ఒకసారి ఉకారం తగిలించుకున్న మాటను తెలుగు మళ్ళీ వెళ్ళగొట్టలేదు; పదేళ్ళ తరువాత ఇకారం కూడా కావాలని అడగలేదు. నాచారం పారిశ్రామికవాడకు వచ్చిన ఒడియా, బీహారీ కుటుంబాల పిల్లలు కొందరు ఈపాటికి మన బడుల్లో తెలుగు వాచకాలు చదువుతున్నారు. వారిని ‘మనవాళ్ళు’ అనడానికి ఎన్నేళ్ళు కావాలో, ఏ కాగితం అడుగుతామో మనమూ ఆలోచించుకోవాలి. లండను తీర్పును మెచ్చుకునే నోటితోనే ఇక్కడ కూడా అదే న్యాయం చెప్పగలగాలి.

టొరంటో, లండను, సిడ్నీలలో ఉండి ఈ టపా చదువుతున్న మిత్రులకు ఒక విన్నపం. మీరు సంతకం పెట్టిన కాగితాలలో, ఈ నేలనే ఇల్లు చేసుకుంటానన్న మాట ఏ రూపంలో ఉందో, సంతకం పెట్టేనాటి షరతులు చివరిదాకా నిలిచాయో లేదో వ్యాఖ్యలలో రాయండి. ముల్కీ పత్రాలు చూసినవారు ఇక్కడ కొద్దిమందే మిగిలారు. మీ కాగితాల చరిత్ర అయినా పోకుండా ఉండాలి.